సీజను మనుషులు

పత్తి జిన్నింగు, పత్తి లేదా జనపనార ప్రెస్సింగు, వేరుశనగ కాయలు ఒలవడం, కాఫీ, నీలిమందు, లక్క, రబ్బరు, బెల్లంతో సహా చక్కెర, తేయాకు.

ఇది పాతకాలపు ఓడరేవు పద్దు కాదు. మన దేశంలో ఏ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి కార్మిక ఆరోగ్య బీమా వర్తించదో చెప్పే జాబితా. 1934 ఫ్యాక్టరీల చట్టంలో 'సీజను ఫ్యాక్టరీ' అంటే ఏమిటో చెప్పడానికి ఈ వరస రాశారు. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఇదే వరస ఉంది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. నీలిమందు ఫ్యాక్టరీలు ఎప్పుడో మూతపడ్డాయి. నీలిమందు అన్న మాట మాత్రం చట్టంలో భద్రంగా ఉంది. ఆ వరసలో మొట్టమొదటి మాట పత్తి జిన్నింగు. గుంటూరు, ప్రకాశం మెట్ట పొలాల పత్తి చుట్టూ బతికిన ఆడవాళ్ళ ఆరోగ్య చరిత్రని ఆ ఒక్క మాట దగ్గర మొదలుపెట్టి చదవొచ్చని నాకనిపిస్తుంది.

నేను చదువుకున్నది సాహిత్యం. చట్టాన్ని కూడా ఒక రచనగానే చదవడం నాకు అలవాటైంది. ఒక రచనలో ఎవరు పాత్రలు, ఎవరు నేపథ్యం అని చూస్తాం కదా. 'సీజను' అన్న మాట ఈ రచనలో కొంతమందిని నేపథ్యంలోకి నెట్టేసింది. వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు, అందులోనూ దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు. ఇది యాదృచ్ఛికం అనుకోలేం.

1934 చట్టం ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీకి వారానికి 54 పనిగంటలు పెడితే, సీజను ఫ్యాక్టరీకి 60 గంటలు పెట్టింది. కొద్ది నెలల పనే కదా, ఆ కొద్ది నెలలూ ఎక్కువ చేయించుకోవచ్చన్నది అందులో ఉన్న తర్కం. ఆ తర్వాత 1943లో ప్రభుత్వం బి.పి. అదార్కర్‌కి కార్మికుల ఆరోగ్య బీమా మీద నివేదిక తయారుచేసే పని అప్పగించింది. 1944 ఆగస్టులో ఆయన నివేదిక ఇచ్చారు. బట్టల మిల్లులు, ఇంజనీరింగు, ఖనిజాలూ లోహాల పరిశ్రమలతో మొదలుపెట్టమన్నారు. దాని ఆధారంగానే 1948 ఏప్రిల్లో కార్మిక రాజ్య బీమా చట్టం, అంటే మనం ఇ.ఎస్.ఐ. అనేది వచ్చింది. అది సీజను ఫ్యాక్టరీలను మినహాయించింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. అది సీజను ఫ్యాక్టరీ, ఏడాది ఫ్యాక్టరీ అన్న తేడానే ఎత్తేసింది. అంటే స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరమే, అయిదు నెలల తేడాతో, ఒక చట్టం ఆ విభజన అక్కర్లేదంది, ఇంకో చట్టం దాన్ని దాచిపెట్టుకుంది. పనిగంటల విషయంలో జిన్నింగు మిల్లు మామూలు ఫ్యాక్టరీయే. జబ్బు చేస్తే మాత్రం కాదు.

మా అమ్మమ్మ పెళ్ళయిన కొత్తలో గుంటూరులో ఒక జిన్నింగు మిల్లులో పనిచేసింది. రోలరుకి పత్తి అందించే పని. తల మీద గుడ్డ, ముక్కుకి కొంగు చుట్టుకుని చేసేవాళ్ళట. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా దూది ఉండేదని చెప్పేది. నాకు గుర్తున్నప్పటికే ఆమెకు ఆగని దగ్గు. "పత్తి దగ్గు, అది పోదు" అనేది, దానికదే ఒక ఇంటిపేరన్నట్టు. నిజానికి దానికి వైద్యశాస్త్రంలో పేరుంది, బిసినోసిస్. పత్తి, అవిసె, జనపనార లాంటి వాటి దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు. ఇ.ఎస్.ఐ. చట్టం మూడో షెడ్యూలులో, పని వల్ల వచ్చే వ్యాధుల జాబితాలో అది ఉంది. చట్టం ఒక చేత్తో పత్తి దుమ్ము జబ్బును గుర్తించింది, ఇంకో చేత్తో ఆ దుమ్ము పుట్టే మొదటి చోటునే గీత బయట పెట్టింది. మా అమ్మమ్మ దగ్గు ఆ రెండు పేజీల మధ్య పడిపోయింది.

ఇక్కడి పంటల చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. ఈ నల్లరేగడి నేలల్లో పూర్వం పండింది దేశవాళీ పత్తి. కాకినాడ రేవు పేరు మీద వ్యాపారులు దాన్ని కొకనాడ పత్తి అనేవాళ్ళు. 1970ల నుంచి పొడుగు పింజ రకాలు, హైబ్రిడ్లు, వాటితో పాటు పురుగుమందులు వచ్చాయి. పత్తి పెరిగిన కొద్దీ జిన్నింగు మిల్లులు, వాటి వెనకే స్పిన్నింగు మిల్లులు పెరిగాయి. చిలకలూరిపేట పక్కన గణపవరం స్పిన్నింగు మిల్లులకే పేరు పడింది. గుంటూరు మిర్చి యార్డు, దాని చుట్టూ కోల్డ్ స్టోరేజీలు మరో లోకం. 1970లో ప్రకాశం జిల్లా విడిపోయినా, 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడినా, కూలి ఆడవాళ్ళ దారులకి ఆ సరిహద్దులు తెలియవు.

వాళ్ళ ఏడాది ఎట్లా ఉంటుందో చూడండి. వానలు పడితే పత్తి విత్తనం పెట్టడం, కలుపు తీత. కార్తీకం నుంచి పత్తి తీత. అప్పుడే జిన్నింగు మిల్లులు తెరుస్తారు. సంక్రాంతి దాటితే మిరప కోతలు. కర్నూలు వైపు నుంచి ఊళ్ళకి ఊళ్ళు సుగ్గికి వచ్చేదీ ఈ కోతలకే. తర్వాత కల్లాల్లో ఎండబెట్టడం, తాలుకాయ ఏరడం, టిక్కీలకెత్తడం, యార్డు దగ్గరా కోల్డ్ స్టోరేజీల దగ్గరా తొడిమలు తీయడం. వేసవి అయ్యాక పని దొరికినవాళ్ళు స్పిన్నింగు మిల్లుకి. ఒకే మనిషి ఏడాదిలో నాలుగు చోట్ల పనిచేస్తుంది. ఆమెకి సంబంధించినంత వరకూ పని ఎప్పుడూ ఆగదు. సీజను పంటకి ఉంది, మిల్లుకి ఉంది, ఆమెకి లేదు. చట్టం మాత్రం సీజను అన్న గుణాన్ని మిల్లు నుంచి తీసి మనిషికి తగిలించింది.

ఈ నాలుగు పనుల్లో స్పిన్నింగు మిల్లు ఒక్కదాంట్లోనే ఆమెకి ఇ.ఎస్.ఐ. ఉంటుంది. మా దూరపు పిన్ని ఒకామె చాలా ఏళ్ళు ఇట్లా మిల్లుకీ కాయలకీ మధ్య తిరిగింది. దీని గురించి అడిగితే ఒక్క ముక్కలో చెప్పింది: "మిల్లులో ఉన్నన్నాళ్ళు కార్డు ఉండిద్దమ్మాయ్. కాయల్లోకొస్తే ఎవరి కార్డు?" తొడిమలు తీసేవాళ్ళని కుదిర్చేది మేస్త్రీ, డబ్బిచ్చేది వ్యాపారి, స్థలం కోల్డ్ స్టోరేజీది. ఎవరి హాజరు పట్టీలోనూ ఆమె పేరుండదు. మిరప ఆ 1934 జాబితాలో లేదు. జాబితాలో ఉంటే మినహాయింపు, లేకపోతే అదృశ్యం.

మిల్లులో ఉన్నన్నాళ్ళు ఉండే కార్డు కూడా ఆమె ఏడాదితో ఎట్లా తగవు పడుతుందో లెక్క వేసి చూడాలి. 2019 జులై నుంచి చందా కార్మికురాలి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నెలకు 12,000 జీతమైతే ఆమెకి కోత 90 రూపాయలు, మిల్లు కట్టేది 390. చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. మొదటి కాలంలో కట్టినదానికి హక్కు వచ్చే జనవరి నుంచి జూన్ వరకు, రెండో కాలంలో కట్టినదానికి జులై నుంచి డిసెంబరు వరకు. జబ్బుచేసి పని మానేస్తే జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. అయితే అంతకు ముందరి చందా కాలంలో 78 రోజుల హాజరుండాలి.

ఇప్పుడు మా పిన్ని లాంటి ఆమెని తీసుకోండి. జూన్‌లో మిల్లుకి చేరింది. సెప్టెంబరుకల్లా 78 రోజులు దాటాయి. హక్కు వచ్చేది జనవరిలో. జనవరిలో ఆమె మిల్లు మానేసి మిరప కోతకి వెళ్ళింది, అక్కడ రొక్కం చేతికొస్తుంది కాబట్టి. రెండో కాలంలో ఆమె మిల్లులో ఉన్నది అక్టోబరు, నవంబరు, డిసెంబరు. మొత్తం 92 రోజులు. ఆదివారాలు తీసేస్తే 79 మిగులుతాయి. దసరా, దీపావళి, పిల్లాడికి జ్వరమొచ్చిన రెండు రోజులు తీసేస్తే 75కి తగ్గిపోతాయి. దాంతో మళ్ళీ జూన్‌లో మిల్లుకొచ్చి చందా కడుతున్న ఆమెకి, జులై నుంచి డిసెంబరు దాకా జబ్బు భత్యం రాదు. కట్టేటప్పుడు హక్కు లేదు, హక్కున్నప్పుడు ఆమె అక్కడ లేదు. ఈ లెక్క తయారుచేసినవాళ్ళు ఆడవాళ్ళ మీద కక్షతో చేశారని నేననను. ఒకే మిల్లులో ముప్ఫై ఏళ్ళు ఉండిపోయే మగ కార్మికుణ్ణి మనసులో పెట్టుకుని చేశారు. ప్రసూతికి లెక్క కొంత నయం. ముందరి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులు చాలు, 2017 నుంచి 26 వారాల జీతం వస్తుంది. అదే రిటైరైనవాళ్ళ దగ్గరికొస్తే మళ్ళీ పాత కథే. ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది, కానీ కనీసం అయిదేళ్ళ బీమా ఉద్యోగం చేసి, పదవీ విరమణ వయసు దాకా ఉన్నవాళ్ళకే. మిరపకాయల కోసం ఏటా మిల్లు వదిలేసే ఆడమనిషికి పదవీ విరమణ ఏ తేదీన?

పని మారడం ఒక సంగతి. కుటుంబం మారడం ఇంకో సంగతి. ఇ.ఎస్.ఐ. చట్టంలో పని ప్రమాదంలో కార్మికుడు చనిపోతే ఆశ్రితుల భత్యం ఉంది. భార్యకి పూర్తి రేటులో అయిదింట మూడు వంతులు, జీవితాంతం లేదా మళ్ళీ పెళ్ళి చేసుకునే వరకు. కొడుక్కి ఒక వయసు వరకు. కూతురికి పెళ్ళయ్యే వరకు. కొడుకు విషయంలో చట్టం వయసు లెక్కపెడుతుంది, ఆడవాళ్ళ విషయంలో పెళ్ళి లెక్కపెడుతుంది. ఆడమనిషి రక్షణ ఒక మగాడి దగ్గర నుంచి ఇంకో మగాడి దగ్గరికి బదిలీ అవుతుందన్న ఊహ లేకపోతే ఈ మాటలు ఇట్లా రాయలేరు. కొత్త మగాడికి బీమా ఉందా లేదా అన్న ప్రశ్న ఎక్కడా లేదు.

2020 కోడ్ 'కుటుంబం' నిర్వచనాన్ని విస్తరించింది. ఉద్యోగి మీద ఆధారపడిన తల్లిదండ్రులతో పాటు, స్త్రీ ఉద్యోగి అయితే ఆమె అత్తమామలను కూడా చేర్చింది. మంచిదే. ఇంట్లో అత్తగారికి మందు పోసేది కోడలే కాబట్టి ఆ మందు ఖర్చు ఆమె బీమాలో కలపడం వాస్తవానికి దగ్గరగానే ఉంది. కానీ మగ ఉద్యోగి అత్తమామల గురించి ఆ నిర్వచనం మాట్లాడదు. అల్లుడి మీద ఆధారపడిన అత్తగారు చట్టం దృష్టిలో లేదు. ఒక్క కూతురే ఉన్న తల్లి, ఆ కూతురికి ఉద్యోగం లేకపోతే, ఎవరి కుటుంబం?

ఉద్యోగంతో సంబంధం లేని బీమా వస్తే ఈ చిక్కులు పోతాయని 2007లో చాలామందిమి ఆశపడ్డాం. ఆ ఏడాది ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008లో మన జిల్లాలతో సహా రాష్ట్రమంతటికీ వచ్చింది. ఇక్కడ మిల్లు అక్కర్లేదు, చందా అక్కర్లేదు, తెల్లకార్డుంటే చాలు. గుండె ఆపరేషన్లు, క్యాన్సరు వైద్యం ఎన్నడూ ఊహించనివాళ్ళకి అందాయి. దాని మేలు తక్కువ చేసి చెప్పను. పేర్లు మారుతూ, పరిమితులు పెరుగుతూ వచ్చింది. 2019లో అయిదు లక్షల లోపు వార్షికాదాయం ఉన్నవాళ్ళకి విస్తరించారు, 2023 డిసెంబరులో వైద్య ఖర్చు పరిమితిని 25 లక్షలకి పెంచారు.

అయితే అక్కడ మిల్లు స్థానంలోకి ఇల్లు వచ్చింది. బీమా ఉన్నది మనిషికి కాదు, కార్డుకి. పెళ్ళయిన పిల్ల పేరు పుట్టింటి కార్డులోంచి తీయించాలి, అత్తింటి కార్డులో ఎక్కించాలి. ఆ రెండింటి మధ్య ఆమె ఏ కార్డులోనూ ఉండదు. తొలి కాన్పు వచ్చేది చాలాసార్లు సరిగ్గా ఆ మధ్యలోనే. మొగుడు వదిలేసి పుట్టింటికొచ్చిన ఆమె పేరు అత్తింటి కార్డులోనే ఉండిపోతుంది. తీయించమంటే విడాకుల కాయితం అడుగుతారు. మన పల్లెల్లో విడిపోవడానికి పెద్దమనుషుల మాటే గాని కాయితం ఎక్కడుంటుంది? 2013 ఆహార భద్రతా చట్టం రేషను కార్డులో ఇంటి పెద్దగా 18 ఏళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామెను రాయమంది. ఫోటో ముందుకు జరిగింది. కార్డుని చీల్చుకుని బయటికి రాగల హక్కు దాంతోపాటు రాలేదు.

1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తుడిచిపెట్టినప్పుడు అప్పులపాలైన రైతుల ఆత్మహత్యల గురించి మనం చాలా చదివాం. పురుగుమందు డబ్బా పక్కన పడి ఉన్న మగవాడి బొమ్మ మన కథల్లోకి, కవిత్వంలోకి వచ్చింది. ఆ మర్నాటి నుంచి ఆ ఇంటి ఆడమనిషి జీవితం అంతగా రాలేదు. ఒక్క రోజులో ఆమె కుటుంబ స్థితీ పని స్థితీ రెండూ మారిపోయాయి. రైతు భార్య కూలి అయింది. 2004 జూన్‌లో జి.ఓ. 421 ద్వారా లక్షన్నర రూపాయల సాయం ప్రకటించినప్పుడు ఆ చావు రైతు చావేనని తేలాలి. పాసు పుస్తకం లేని కౌలుదారు భార్య ముందు భర్త రైతని రుజువు చేసుకోవాలి. ఆ చేలో ఆమె కూడా మందు కలిపిందని, ఆ మందు ఆమె ఒంట్లోకీ పోయిందని ఎవరికి రుజువు చేయాలి?

ఇదంతా దూరం నుంచి చూసి రాస్తున్నానని అనుకోవద్దు. డాక్టరేటు వచ్చాక నేను ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాను. జులైలో తీసుకుంటారు, ఏప్రిల్‌లో ఆపేస్తారు, మళ్ళీ జులైలో కొత్త కాయితం. నేనూ సీజను మనిషినే. నా ఆరోగ్య బీమా నా భర్త కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలో ఉండేది. అందులో పెద్దవాళ్ళు ఒక జంటకే చోటు, ఆయన అమ్మానాన్నలు గాని, మా వాళ్ళు గాని. ఆయన అమ్మానాన్నల పేర్లు ఎక్కాయి. దాని మీద మా ఇంట్లో చర్చ కూడా జరగలేదు. భర్త పోయి నా దగ్గరే ఉంటున్న మా అమ్మ పేరు ఎందులోనూ లేదు. 2023లో నాకు అయిదో నెల నడుస్తుండగా ఆయన ఉద్యోగం పోయింది. ఉద్యోగం చివరి రోజుతోనే పాలసీ కూడా ఆగిపోయింది. విడిగా పాలసీ తీసుకుందామంటే కాన్పుకి రెండేళ్ళు ఆగాలన్నారు. గ్రూపు పాలసీ వదిలేటప్పుడు అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుందని, పాత జబ్బుల నిరీక్షణ కాలం పోకుండా కలుస్తుందని మాకు ఆ ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. కాన్పు ప్రభుత్వాసుపత్రిలో అయింది, బాగానే అయింది. ఆయనకి కొత్త ఉద్యోగం వచ్చాక నా పేరూ పాప పేరూ మళ్ళీ ఎక్కాయి. అమ్మ పేరు ఇప్పటికీ లేదు.

నా పరిస్థితినీ తొడిమలు తీసే ఆమె పరిస్థితినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. నాకు చదువుంది, అడగడానికి నోరుంది, ఆమెకు లేని కులమూ ఉంది. కానీ ఇద్దరి కాయితాల్లోనూ ఉన్న వ్యాకరణం ఒకటే. ఆడవాళ్ళం ఎప్పుడూ ఎవరికో 'సంబంధించి' ఉంటాం. మిల్లుకి, మొగుడికి, కార్డుకి. మగవాడి జీవితంలో ఉద్యోగం మారడం ఒక చిరునామా మార్పు. మన జీవితంలో పెళ్ళి, కాన్పు, విడిపోవడం, వైధవ్యం, సీజను, ఒక్కొక్కటీ రక్షణ తెగిపోయే చోటు. అన్నిటికంటే రక్షణ అవసరమయ్యేదీ సరిగ్గా అక్కడే.

అందుకని అడగాల్సినవి కొన్ని స్పష్టంగానే కనిపిస్తున్నాయి. బీమా నంబరు మనిషి పేరు మీద ఉండాలి, ఆ మనిషి ఎక్కడికెళ్తే అక్కడికి రావాలి. పత్తి మిల్లు, స్పిన్నింగు మిల్లు, మిరప యార్డు, ఎక్కడ చేసినా ఆ రోజులన్నీ ఒకే లెక్కలో కలవాలి. ఇంటి కార్డులోంచి తన భాగం విడదీసుకోవడానికి ఆడమనిషి మాట చాలాలి. ఇక జిన్నింగు సంగతి. యజమాని, ఎక్కువమంది కార్మికులు ఒప్పుకుంటే ఏ సంస్థనైనా స్వచ్ఛందంగా బీమాలో చేర్చుకునే వీలు కొత్త కోడ్‌లోనే ఉంది. యజమాని ఒప్పుకోవాలన్న షరతు ఎంత బరువైనదో తెలుసు. అయినా అడిగేవాళ్ళుంటే కదా ఆ షరతు ఎక్కడ బిగుసుకుంటుందో తెలిసేది.

మన వంతు పని ఒకటుంది. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చినప్పుడు, సాయుధ పోరాటంలో ఆడవాళ్ళు ఏం చేశారో వాళ్ళ నోటితోనే వినొచ్చని నేర్చుకున్నాం. జిన్నింగు మిల్లుల్లో, మిరప కల్లాల్లో పనిచేసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ హాజరు పట్టీలు ఎక్కడా దొరకవు. వాళ్ళ దగ్గు, మంట పుట్టే చేతులు, ఎవరి కార్డులో ఎప్పుడు పేరు ఎక్కిందో ఎప్పుడు పోయిందో అన్న జ్ఞాపకం మాత్రం ఉన్నాయి. 1934 నాటి జాబితా పక్కన పెట్టి చూసుకోవడానికి మనకొక జాబితా కావాలి. దాన్ని రాయడం ఎక్కడో మొదలుపెట్టాలి కదా? గుంటూరు యార్డు దగ్గర, తొడిమల రాశి ముందు కూర్చున్న ఆమె పక్కన, మనమూ ఒక పూట కూర్చుంటే?